దోసెడు నీళ్ళ వజూ: మదర్సా పిల్లల తొలి పాఠం

మంథని:

గోదావరి ఒడ్డున ఉన్న ఊళ్ళో నీళ్ళ పొదుపు గురించి మాట్లాడితే వినేవారు నవ్విపోతారు. మంథని ప్రాంతంలో గోదావరిని గోదావరి అనేవారు తక్కువ. గౌతమేశ్వర ఘాటులో మునిగి వచ్చినవాడు కూడా "గంగల తానం జేసి వచ్చిన" అనే అంటాడు. అంత గంగ పక్కనే ఉన్నా ఎండాకాలం నడిమి రోజుల్లో ఇసుకలో చెలిమలు తోడుకుని బిందెలతో నీళ్ళు మోసిన ఆడవాళ్ళు ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఇంకా ఉన్నారు. ఒడ్డున ఉన్నంత మాత్రాన నీళ్ళు ఉన్నట్టు కాదని వారికి ఎవరూ చెప్పనక్కరలేదు.

ఈ సంగతినే ఒక దీనీ మదర్సాలో పిల్లలకు మతపాఠంగా చెబుతున్నారని విని, ఒకరోజు సాయంత్రం అసర్ నమాజు వేళకు అక్కడికి వెళ్ళడం జరిగింది. మదర్సా పేరు, తన పేరు వేయవద్దని అక్కడి మౌల్వీ సాబ్ కోరారు. చందాల మీద నడిచే సంస్థ, పేపరులో పేరు పడితే చందా ఇచ్చేవారు ఒకటి అనుకుంటారు, ఇవ్వనివారు ఇంకొకటి అనుకుంటారని ఆయన అభిప్రాయం. ఆ మాట నిలబెడుతున్నాను.

రేకుల షెడ్డు, రెండు గదులు, ఒక వరండా. ఖురాను కంఠస్థం చేసేవారూ, అరబ్బీ ఉర్దూ చదివేవారూ కలిసి నలభై మంది వరకు పిల్లలు అక్కడే ఉండి, అక్కడే తిని, అక్కడే పడుకుంటారు. మంచిర్యాల, చెన్నూరు, మహదేవపూర్ వైపుల నుంచి వచ్చినవారే ఎక్కువ. తండ్రులు ఆటోలు నడిపేవారు, కోళ్ళ దుకాణాల్లో పనిచేసేవారు, గల్ఫుకు పోయినవారు. వజూ చేసే గద్దె దగ్గర నాలుగు నల్లాలు ఉన్నాయి. వాటిలో మూడింటికి తిప్పే పిడులు లేవు. పోయాయేమో అనుకున్నాను. పోలేదు, మౌల్వీ సాబే పీకించి గూట్లో పెట్టారు. పిల్లలు వరసగా ప్లాస్టిక్ బద్నాలు పట్టుకుని, ఉన్న ఒక్క నల్లా దగ్గర నింపుకుని, గద్దె మీద కూర్చుని వజూ చేస్తున్నారు.

"నల్లా ఇప్పితే పిల్లగాడు ముచ్చట్ల పడ్తడు సార్. కాలు కడుగుడు అయిపోయినా నీళ్ళు పోతనే ఉంటయి. బద్నా అయితే అండ్ల ఎన్ని ఉంటే అన్నే" అన్నారు మౌల్వీ సాబ్.

లెక్క చూస్తే...

ముస్లిమేతర పాఠకుల కోసం ఒక మాట. వజూ అంటే నమాజుకు ముందు చేసే శుద్ధి. మణికట్ల దాకా చేతులు, నోరు, ముక్కు, ముఖం, మోచేతుల దాకా చేతులు కడిగి, తడి చేత్తో తల తుడిచి, చివరకు చీలమండల దాకా పాదాలు కడుగుతారు. కడిగే భాగాలను మూడేసి సార్లు కడగడం ఆచారం. నమాజు రోజుకు ఐదు పూటలు.

ఇంటికి వచ్చి, మా నల్లాను సగం తిప్పి, కింద బక్కెట పెట్టి, మౌల్వీ సాబ్ చూపిన పద్ధతిలోనే కడుక్కుని చూశాను. తొందరేమీ పడలేదు, ఆలస్యమూ చేయలేదు. బక్కెటలో తొమ్మిది లీటర్లు పడ్డాయి. మదర్సాలో బద్నా నిండా పోస్తే పట్టేది లీటరున్నర. కొందరికి ముందటి వజూ నిలిచి ఉంటుంది గనుక మనిషికి రోజుకు నాలుగు సార్లే అనుకున్నా, నలభై మందికి నల్లా కింద 1,440 లీటర్లు కావాలి. బద్నాతో 240 సరిపోతాయి. తేడా 1,200 లీటర్లు. పెళ్ళిళ్ళలో నీళ్ళు పట్టే పెద్ద డ్రమ్ములతో కొలిస్తే ఆరు డ్రమ్ములు, అదీ రోజుకు.

ప్రవక్త ముహమ్మద్ ఒక ముద్ద్ నీటితో వజూ చేసేవారని, ఒక సా మొదలు ఐదు ముద్ద్‌ల లోపు నీటితో స్నానం చేసేవారని బుఖారీ హదీసు సంకలనంలో ఉంది. ముద్ద్ అంటే సామాన్యుడి రెండు అరచేతులు కలిపితే పట్టేంత కొలత. మన దోసెడు. సా అంటే నాలుగు ముద్ద్‌లు. నేటి కొలతల్లో ముద్ద్ ఎంత అన్నదానిపై పండితుల లెక్కలు వేరు వేరుగా ఉన్నాయి. ముప్పావు లీటరుకు తక్కువ అని కొందరంటే, మన దేశంలో ఎక్కువమంది పాటించే హనఫీ లెక్కలో ఇంకొంచెం ఎక్కువ వస్తుంది. ఏ లెక్క తీసుకున్నా స్నానానికి నాలుగైదు లీటర్లకు మించదు. మన ఇళ్ళలో షవరు కింద నిలబడేవారు ఈ అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగవచ్చు.

పిల్లలందరికీ నోటికి వచ్చిన కథ ఇంకొకటి ఉంది. సాద్ అనే సహచరుడు వజూ చేసుకుంటున్నప్పుడు ప్రవక్త అటుగా వెళుతూ, నీళ్ళు దుబారా అవుతున్నాయని హెచ్చరించారు. దైవకార్యానికి వాడే నీళ్ళలో కూడా దుబారా ఉంటుందా అని సాద్‌కు సందేహం వచ్చింది. పారే నది పక్కన కూర్చున్నా సరే, దుబారా దుబారాయేనని జవాబు వచ్చింది. ఇది ఇబ్నె మాజా సంకలనంలోనిది. దీని పరంపర అంత గట్టిది కాదని చెప్పిన హదీసు పండితులు ఉన్నారని మౌల్వీ సాబే దాచకుండా చెప్పారు. "అయినా ముద్ద్ సంగతి గట్టిదే కద సార్, రెండు కలిపి చెప్తం" అన్నారు.

బావిలో ఎలుక పడితే ఎన్ని చేదలు?

మదర్సా చదువులో నీళ్ళ గురించి ఇంత ఉంటుందని ఈ విలేకరికి ముందు తెలియదు. ఫిఖ్, అంటే ధర్మశాస్త్రం, నేర్పే పుస్తకాలు శుద్ధి ప్రకరణంతోనే మొదలవుతాయట. మన మదర్సాల్లో చదివే 'ఖుదూరీ' పదకొండో శతాబ్దపు బాగ్దాదు పండితుడు రాసినది. 'నూరుల్ ఈజాహ్' పదిహేడో శతాబ్దపు ఈజిప్టు పండితుడిది. ఏ నీళ్ళు పనికివస్తాయి, ఏవి రావు, ఎంగిలి నీళ్ళ సంగతేమిటి, బావి చెడితే ఏం చేయాలి అన్నవి పిల్లవాడు పద్దుల్లాగా వల్లెవేస్తాడు. వజూలో నీళ్ళు దుబారా చేయడం చేయకూడని పనుల జాబితాలో అక్కడే ఉంది.

బావి అధ్యాయం వింటే మన పల్లెటూరివారికి ముచ్చటేస్తుంది. ఎలుకో పిచ్చుకో పడి చస్తే దాన్ని తీసివేసి ఇరవై నుంచి ముప్ఫై చేదలు తోడిపోయాలి. పావురమో కోడో పిల్లో అయితే నలభై నుంచి అరవై. కుక్క, మేక వంటివి చస్తే బావి మొత్తం తోడాల్సిందే. పదేళ్ళ పిల్లవాడు ఒకడు నిలబడి ఇదంతా గడగడా చెప్పాడు. "నువ్వెప్పుడన్నా చేదబావి చూసినవా?" అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. వాడు పుట్టేనాటికి వాళ్ళ ఊళ్ళో బావులు చెత్తతో పూడిపోయాయి. మా చిన్నతనంలో మా బావిలో పిల్లి పడితే మా అమ్మ కిరాయి మోటారు పెట్టించి తోడించి, సున్నం, బ్లీచింగు పౌడరు వేయించింది. ఆమె ఏ పుస్తకమూ చదవలేదు. ఇప్పుడు ఆ బావీ లేదు.

నీళ్ళు చెడ్డాయని గుర్తుపట్టడానికి ఆ పుస్తకాలు చెప్పే గుర్తులు మూడు. రంగు, రుచి, వాసన. అయితే ఇక్కడ ఒకటి చెప్పక తప్పదు. ఆ మూడు గుర్తులూ నమాజుకు శుద్ధి చేసుకునే నీటికి సంబంధించినవి. తాగే నీటికి అవి చాలవు. నల్లగొండ జిల్లాలో తరాల తరబడి మనుషుల ఎముకలు వంచిన ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు, తాగితే తెలిసే రుచీ లేదు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగరాదని మన దేశపు ప్రమాణం. పిల్లలకు పుస్తకంలోని మూడు గుర్తులతో పాటు, నీటిని సీసాలో పట్టి పరీక్షకు పంపించడం కూడా నేర్పితే బాగుంటుందని అంటే మౌల్వీ సాబ్ కాదనలేదు. "పంపుతం. ఎక్కడికి పంపాల్నో రాసియ్యుండ్రి" అని కాగితం ముందు పెట్టారు.

నదికి వచ్చిన కష్టం

బొగ్గు, కరెంటు, ఎరువులు అన్నీ మనకు పక్కనే. రామగుండం ఎన్టీపీసీకి 1978లో శంకుస్థాపన జరిగింది. పెరిగి పెరిగి 2,600 మెగావాట్లకు చేరింది. సింగరేణి ఓపెన్‌కాస్టుల దుమ్ము ఆరేసిన బట్టల మీద కూడా కనిపిస్తుంది. వీటితో వేల కుటుంబాలు బతుకుతున్నాయి గనుక వద్దనేవారు లేరు, ఎండ మాత్రం అందరికీ తగులుతోంది.

ఇకపోతే నది. కాళేశ్వరం ప్రాజెక్టు 2019 జూన్ 21న ప్రారంభమైంది. మంథనికి ఎగువన సుందిళ్ళ, దిగువన అన్నారం బ్యారేజీలు. అన్నారం నిల్వ సామర్థ్యం 10.87 టీఎంసీలు. నది నిండుగా నిలిచి ఉండడం ఈ ప్రాంతం అప్పుడే చూసింది. అదే నీరు వెనక్కి తన్ని ఒడ్డు పొలాలను ముంచడమూ అప్పుడే చూసింది. 2022 జూలై వరదలో ఒకవైపు గోదావరి, మరోవైపు బొక్కలవాగు పొంగి మంథని పట్టణంలోకే నీళ్ళు వచ్చాయి. 2023 అక్టోబరు 21న మేడిగడ్డలో స్తంభాలు కుంగాయి. ఆ తరువాతి నెలల్లో పైనున్న రెండు బ్యారేజీల నీటినీ వదిలివేశారు. నాలుగైదేళ్ళలోనే ఇన్ని చూసిన పిల్లలకు నీళ్ళు ఎక్కువైనా కష్టమే, తక్కువైనా కష్టమేనని పుస్తకం చెప్పాల్సిన పని లేదు.

భూమి మీద, సముద్రంలో చెడు పెచ్చుపెరగడం మనిషి చేతుల చేతల ఫలితమేనని ఖురాను ముప్ఫయ్యో అధ్యాయంలో ఒక వాక్యం ఉంది. తినండి, తాగండి, కానీ మితిమీరవద్దని ఏడో అధ్యాయంలో ఉంది. ఇవన్నీ పాతకాలం నుంచీ చదువుతున్నవేనని, వీటిని చెట్టుకూ నీటికీ జోడించి చెప్పడం మాత్రం తాను ఈ మధ్యే మొదలుపెట్టానని మౌల్వీ సాబ్ ఒప్పుకున్నారు. ఆయనను మార్చింది ఏ సదస్సో కాదు, బోరు.

రెండేళ్ళ క్రితం ఎండాకాలంలో మదర్సా బోరు ఎత్తిపోయింది. కొన్నాళ్ళు ట్యాంకరు కొన్నారు. చందా డబ్బు బియ్యానికే చాలడం లేదు, నీళ్ళకు ఎక్కడిది? పదిహేను రోజులు పిల్లలను ఇళ్ళకు పంపేశారు. నీళ్ళు వచ్చాక కబురు పెడితే ఇద్దరు తిరిగి రాలేదు. ఒకడు మెకానిక్ షెడ్డులో పానాలు అందిస్తున్నాడు. రెండోవాడి సంగతి తెలియదు. "వాడు ఇరవై పారాలు నోటికి నేర్చిండు సార్. ఇంక పదే ఉండె" అని చెప్పేటప్పుడు మౌల్వీ సాబ్ గొంతు మారింది. నల్లాల పిడులు పీకింది ఆ తరువాతనే.

వజూ చేసిన నీళ్ళు ఇప్పుడు వృథాగా పోవడం లేదు. హనఫీ ధర్మం ప్రకారం ఒకసారి వజూకు వాడిన నీళ్ళు అపవిత్రం కావు గాని, మళ్ళీ వజూకు పనికిరావు. చెట్టుకు పోయడానికి ఏ అడ్డూ లేదు. గద్దె కింద కాలువ తీసి దానిని రెండు జామచెట్లకూ, ఒక మునగకూ, నాలుగు వేపమొక్కలకూ మళ్ళించారు. ఒక్కో చెట్టు ముగ్గురు పిల్లల పాలు. నాటిన చెట్టు కాయను మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా నాటినవాడి ఖాతాలో దానమేనని బుఖారీ, ముస్లిం సంకలనాలు రెండింటిలోనూ ఉంది. జామచెట్టు పిల్లలు దీన్ని తమకు అనుకూలంగా అర్థం చేసుకుని, పచ్చికాయలు తెంపినా పుణ్యమే అంటున్నారు. 2015లో మొదలైన హరితహారం మొక్కలు మన రోడ్ల పక్కన నాటిన ఏడే ఎన్ని ఎండాయో చూసినవారికి, చెట్టుకు ముగ్గురు కాపలా అన్నది మంచి ఏర్పాటుగానే తోస్తుంది.

బక్రీదు వ్యర్థాల మాట కూడా ఎత్తాను. కొన్ని ఊళ్ళలో పేగులు, తోళ్ళ ముక్కలు వాగుల్లో పడేయడం నిజమేనని ఆయన అన్నారు. దారుల మీద, నీడపట్టున, నీటి రేవుల వద్ద మలవిసర్జన చేసి శాపనార్థాలు కొనితెచ్చుకోవద్దని హదీసు ఉందని, వ్యర్థాలకూ అదే వర్తిస్తుందని పండుగకు ముందు శుక్రవారం చెబుతున్నారట. మదర్సా వెనుక లోతుగా గుంట తవ్వి పూడ్చడం పెద్ద పిల్లల పని. ఘాటు దగ్గర మన పూజల తరువాత మిగిలే ప్లాస్టిక్ కవర్ల సంగతి ఆయన ఎత్తలేదు. మర్యాదకే అనుకుంటాను.

చట్టంలో ఇద్దరూ ఒకే వరసలో

పర్యావరణాన్ని బడుల్లో తప్పనిసరి పాఠం చేయాలని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది, 2003 డిసెంబరులో మళ్ళీ గట్టిగా ఆదేశించింది. తెలంగాణలో 2016 జూన్ నుంచి నడుస్తున్న మైనారిటీ గురుకులాల్లో ప్రభుత్వ పాఠ్యపుస్తకాలే గనుక అక్కడి పిల్లలకు అది అందుతుంది. అవి మతపాఠశాలలు కావు. మదర్సాల దారి వేరు. విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ మదర్సాలను, వేదపాఠశాలలను ఒకే వాక్యంలో పక్కపక్కన పెట్టి, ఆ చట్టం వాటికి వర్తించదని చెప్పింది. వేదవిద్యకు పేరుపడ్డ మంథనికి, మంత్రకూటమే మంథని అయిందని చెప్పుకునే ఊరికి, ఇది కొంచెం ఆలోచించదగ్గ విషయం. ఉద్ధరిణెతో మూడుసార్లు ఆచమనం చేసే పిల్లవాడూ, బద్నాతో వజూ చేసే పిల్లవాడూ ఇద్దరూ కొలత నీళ్ళతోనే రోజు మొదలుపెడతారు. నీటిలో మలమూత్రాలు విడవరాదని ఇద్దరి శాస్త్రాలూ చెబుతాయి. ఇద్దరికీ భూగర్భజలం ఎలా ఇంకుతుందో చెప్పే సైన్సు పుస్తకం మాత్రం తప్పనిసరి కాదు.

ఇతర దేశాల్లో ఇది చాలా దూరం పోయింది. ఇండోనేషియాలో మదర్సాల వంటి మత వసతి పాఠశాలలను పెసంత్రెన్‌లంటారు. మదుర దీవిలోని గులుక్ గులుక్ అనే ఊళ్ళో 1887 నుంచి ఉన్న అన్నుఖాయా పెసంత్రెన్‌కు, ఆ ఎండునేలలో చెట్లూ నీళ్ళూ కాపాడినందుకు 1981లోనే ఆ దేశపు పర్యావరణ పురస్కారం కల్పతరు లభించింది. పురస్కారం పేరు మన కల్పతరువేనని పాఠకులు గమనించే ఉంటారు. బాండుంగ్ దగ్గరి అల్ ఇత్తిఫాఖ్‌లో విద్యార్థులు కూరగాయలు పండించి పెద్ద దుకాణాలకు అమ్ముతారు. 2008లో అక్కడి పర్యావరణ శాఖ ఇలాంటి పాఠశాలల కోసం ప్రత్యేక కార్యక్రమమే పెట్టింది. 2014లో అక్కడి ఉలేమా మండలి అడవి జంతువుల వేటకు, దొంగవ్యాపారానికి వ్యతిరేకంగా ఫత్వా ఇచ్చింది. సౌదీలో అయితే 1978లోనే, పూర్తిగా శుద్ధిచేసిన మురుగునీటిని వజూకు కూడా వాడవచ్చని పెద్ద పండితుల మండలి చెప్పింది.

ఇవన్నీ చెబుతుంటే మౌల్వీ సాబ్ శ్రద్ధగా విన్నారు. అంతా విని, "మంచిగనే ఉన్నది సార్. ఆడ కరెంటు బిల్లు ఎవరు గడ్తరు?" అని అడిగారు.

పన్నెండు నల్లాల తగవు

ప్రస్తుతం మదర్సాలో ఒక తగవు నడుస్తోంది. గల్ఫులో ఉంటున్న ఒక దాత చనిపోయిన తల్లి పేరు మీద పెద్ద వజూఖానా కట్టిస్తానని కబురు పంపారు. పాలరాతి గద్దె, పన్నెండు నల్లాలు, పైన సిమెంటు ట్యాంకు. సాద్ బిన్ ఉబాదా అనే మరో సహచరుడు తల్లి పేరు మీద ఏ దానం మేలని అడిగితే, నీళ్ళ దానమని జవాబు వచ్చిందనీ, ఆయన బావి తవ్వించాడనీ హదీసు ఉంది. దాత కోరిక దానికి తగ్గదే. కమిటీలో ఎక్కువమంది సంతోషించారు. తల్లి పేరు మీద ఇచ్చేదాన్ని కాదంటే పాపం, పైగా ఆ దాతే ప్రతి రంజానుకు బియ్యం పంపుతారు.

మౌల్వీ సాబ్ మాత్రం ఆ డబ్బుతో షెడ్డు మీది వాన నీళ్ళను పట్టి బోరు పక్కన ఇంకుడుగుంత తవ్విద్దామని, మిగిలితే బోరును ఇంకొంచెం లోతుకు దించుదామని అంటున్నారు. రెండు నల్లాలు కడితే చాలు, పన్నెండు వద్దంటారు. తల్లి పేరు పలక మీద రాయించవచ్చు గదా అంటే, గుంటకు పలక ఎక్కడ పెడతారని కమిటీలో ఒకాయన ఎగతాళి చేశారట. కమిటీలోని పెద్దమనిషి ఒకాయనను కలిస్తే ఆయన వాదన కూడా తీసివేయదగ్గదిగా లేదు. చలికాలం తెల్లవారుజామున ఒక్క నల్లా దగ్గర నలభై మంది నిలబడితే చిన్నపిల్లలకు ఫజర్ నమాజు అందడం లేదు, వణుకుతూ నిలబడుతున్నారు అన్నది ఆయన మాట. ఆ పూట నేను వెళ్ళి చూడలేదు. సాయంత్రమే వరస కదలడానికి చాలాసేపు పట్టింది.

నొక్కి పట్టినంతసేపే నీళ్ళు వచ్చి, వదిలితే ఆగే నల్లాలు రైల్వే స్టేషన్లలో ఉంటాయి కదా, అవి పెట్టిస్తే రెండు వాదాలూ తీరుతాయేమో అని ఈ విలేకరి తనకు తోచింది చెప్పాడు. మౌల్వీ సాబ్ ధర కనుక్కుంటానన్నారు. దాతకు ఉర్దూలో ఉత్తరం రాసి పెట్టారు, ఇంకా పంపలేదు. వచ్చే శుక్రవారం నమాజు తరువాత కమిటీ కూర్చుంటుంది. అంతవరకు పీకిన మూడు పిడులూ గూట్లో, లెక్కల పుస్తకం పక్కనే ఉన్నాయి.